పాత కథ, కొత్త నాటకం: ఒకికు నుండి నాగమ్మ వరకు

జపాను దేశపు కబుకి నాటకాన్ని గూర్చి మాచర్లలో వెలువడే కళాశాల సంచికలో వ్రాయవలసిన పని ఏమి వచ్చినదని కొందరు పాఠకులు ప్రశ్నింపవచ్చు. పని ఉన్నదనియే నా అభిప్రాయం. 1916లో టోకియో నగరంలో ఒక నాటకం రంగమెక్కింది. 1922లో లాహోరులో ఒక యువకుడు ఉర్దూలో ఒక నాటకం వ్రాసినాడు. 1926లో మన గుంటూరు సీమ రచయిత తెలుగులో ఒక నాటకం వెలువరించినారు. దేశాలు వేరు, భాషలు వేరు, నాటక సంప్రదాయాలు వేరు. అయినను పదేండ్ల వ్యవధిలో ఈ మువ్వురూ ఒకే తీరు వస్తువును చేపట్టినారు. తరతరాలుగా జనం నోట నలిగిన కథ, ఆ కథలో ఒక స్త్రీ, ఆ స్త్రీ మీద మోపిన ఒక నేరం. మొదటి నాటకం నేటికీ ఆడుతున్నది. రెండవది వెండితెర మీద అమరమైంది. మూడవదాని పేరు చెప్పగలవారు మన తరగతి గదులలో ఎందరున్నారో లెక్కింపబోతే చేతివ్రేళ్ళు మిగిలిపోతాయి. ఈ తేడా ఎందుకు వచ్చినదన్నదే నా ప్రశ్న.

కబుకి పుట్టుకలో ఒక వింత ఉన్నది. 1603 ప్రాంతాన క్యోటో నగరంలో ఓకుని అను స్త్రీ ఆడిన ఆటలే దానికి మూలమంటారు. స్త్రీ మొదలుపెట్టిన ఆ కళలో స్త్రీలే ఆడరాదని 1629లో ప్రభుత్వం నిషేధించింది. పిమ్మట స్త్రీ పాత్రలను పురుషులే ధరించుట ఆచారమై స్థిరపడింది. బాపట్ల బిడ్డ స్థానం నరసింహారావుగారి సత్యభామను గూర్చి పెద్దల వలన విన్నవారికి ఇది విడ్డూరం కాదు. ప్రేక్షకుల నడుమ నుండి రంగస్థలానికి సాగే నడవ, ముఖాన దట్టమైన రంగు, వాద్యాల హోరు, ఘట్టం పండినచోట నటుడు కదలక నిలిచి చూపే భంగిమ, దానికి సభలో నుండి లేచే కేకలు - ఇవన్నీ చదువుతుంటే మన పద్యనాటకాల రాత్రులు జ్ఞప్తికి రాక మానవు. మన రాయబార ఘట్టంలో పద్యం ముగియగానే ‘వన్స్‌మోర్’ అని అరిచిన జనం కబుకి శాలలో కూర్చున్నా చప్పట్లకు చోటు తెలిసికొనియుందురు. అక్కడ నటుడే ప్రభువు. రచయిత నాటకశాల కొలువులో ఒకడు. నటుని గొంతుకు, నడకకు తగినట్లు మాటలు కూర్చి ఇచ్చేవాడు.

ఈ కట్టుబాటు ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో సడలింది. నాటకశాల కొలువుతో సంబంధం లేని సాహిత్యవేత్తలు కబుకి నటుల కోసం వ్రాయసాగినారు. ఆ నాటకాలకు ‘షిన్ కబుకి’ అని పేరు. కొత్త కబుకి అని అర్థం. వారిలో అగ్రగణ్యుడు ఒకామోటో కిడో. 1872లో జన్మించిన ఇతడు వృత్తిచేత పాత్రికేయుడు, నాటక విమర్శకుడు. 1911లో ‘షుజెంజి మొనొగతారి’తో పేరు గడించి, 1916లో ‘బాంచో సరయాషికి’ని అందించినాడు. బాంచో అన్నది నేటి టోకియోలోని ఒక పేట. సరయాషికి అనగా పళ్ళెముల మేడ.

ఆ మేడ కథ కిడో కల్పించినది కాదు. ఒక సమురాయి ఇంట ఒకికు అను దాసి ఉండేది. ఆ ఇంట వంశపారంపర్యంగా వచ్చిన పది పింగాణీ పళ్ళెములలో ఒకటి పోయినదని, లేక పగిలినదని, ఆమెను చంపి బావిలో పడవైచినారు. నాటి నుండి ప్రతి రాత్రి ఆ బావి నుండి ఒక ఆడగొంతు ఒకటి, రెండు అంటూ తొమ్మిది వరకు లెక్కించి పదవది రాక ఘోల్లుమనేదట. 1741లో ఈ కథ బొమ్మలాటగా వచ్చింది; ఆ కథ హిమేజి కోట ప్రాంతంలో జరుగుతుంది. తరువాతి కథకులు దానిని బాంచో పేటకు తెచ్చినారు. హిమేజి కోటలో నేటికీ ‘ఒకికు బావి’ని యాత్రికులకు చూపుతారు. ఒకే కథకు రెండు ఊళ్ళు హక్కు చెప్పుకొనుట మనకూ అలవాటైన సంగతియే.

కిడో చేసినదేమి? బావిలోని దయ్యాన్ని తీసివేసినాడు. జనం డబ్బిచ్చి చూడవచ్చేది ఆ దయ్యం కోసమే, దానినే తీసివేసినాడు. దాని స్థానంలో ఒక ప్రశ్న పెట్టినాడు: ఆ పిల్ల పళ్ళెం ఎందుకు పగులగొట్టినది? అతని నాటకంలో యజమానియైన అఓయామా హరిమా, దాసియైన ఒకికు పరస్పరం ప్రేమించుకొన్నవారు. హరిమాకు పెద్దింటి సంబంధం వచ్చినదని ఒకికు వింటుంది. తన మాట నిలుపునో లేదో పరీక్షింపదలచి, వంశపు పళ్ళెములలో ఒకటి కావాలనే పగులగొడుతుంది. పొరపాటున పగిలినదనుకొని హరిమా క్షమిస్తాడు. ఆ క్షమలో వెనుకాడడు. కాని అది తన మనసును పరీక్షించుటకు చేసిన పని అని తెలియగానే మండిపడతాడు. పళ్ళెం పోయినందుకు కాదు ఆ కోపం, తనను అనుమానించినందుకు. ధనం మీద తనకు ఆశ లేదని చూపుటకు మిగిలిన పళ్ళెములను ఆమె ఎదుటనే పగులగొట్టించి, పిదప ఆమెను చంపి బావిలో వేయిస్తాడు. ప్రాణాధికంగా ప్రేమించినవాడే చంపినాడు. దయ్యపు కథలో క్రూరుడైన యజమాని, అమాయకురాలైన దాసి ఉన్నారు. కిడో నాటకంలో మాత్రం ఎవరిని పూర్తిగా నిందింపవలెనో ప్రేక్షకునికి తోచదు. హరిమాను మెచ్చుకొనే విమర్శకులున్నారు. నాకు అతడు మెప్పు పొందదగినవాడుగా కనబడడు. తన గౌరవాన్ని మరొకరి ప్రాణం కంటె బరువుగా తూచిన వాడు సమురాయి అయితేనేమి, మరొకడయితేనేమి! కాని ఈ తగవును నా మనసులో రేపినది ఆ నాటకమే.

దయ్యాన్ని తీసివేయుట వలన నష్టం లేదని నేననను. బావిలోని ఆ లెక్కింపులో పేదల పగ ఉన్నది. చచ్చినా వదలని న్యాయపు మొర అది. కిడో ఒకికు నోట ఆ మొర లేదు. పాతది పోయిందా అంటే పోలేదు. బావి కథ ప్రక్కన బావి కథ నడుస్తూనే ఉన్నది, కొత్త నాటకం ప్రక్కన కొత్త నాటకం నడుస్తూనే ఉన్నది. నేను చివర చెప్పబోయే మాటకు ఇది అవసరం కనుక ఇక్కడనే చెప్పి ఉంచినాను.

ఆ నాటకం నిలిచినది కిడో ఒక్కని బలంతో కాదు. హరిమా పాత్ర ధరించిన రెండవ ఇచికావా సదంజి, 1906-07లో ఐరోపా వెళ్ళి అక్కడి రంగస్థలాలను చూసి వచ్చినవాడు. 1909లో ఒసనై కవోరుతో కలిసి స్వేచ్ఛా రంగస్థలమనే సంస్థను నెలకొల్పి ఇబ్సెన్ నాటకాన్ని జపానీ భాషలో ఆడించినవాడు. 1928లో కబుకిని మొదటిసారి విదేశానికి, సోవియట్ రష్యాకు, తీసికొనిపోయినది ఆయన బృందమే. పాత విద్య చేతిలో ఉండి, కొత్త చూపు కంటిలో ఉన్న అటువంటి నటుడు దొరికినాడు కాబట్టి కిడో కాగితం నాటకమైంది.

ఉర్దూ రచయితకు ఆ భాగ్యం కలుగలేదు. ఇంతియాజ్ అలీ తాజ్ ‘అనార్కలి’ని వ్రాసిన నాటికి ఇరవై రెండేండ్లవాడు. అక్బరు అంతఃపురంలోని దాసి, యువరాజు సలీమును ప్రేమించినందుకు సజీవంగా గోడలో సమాధి అయినదన్న జనశ్రుతి ఆ నాటకానికి ఆధారం. దీనికి చరిత్రలో ఋజువు లేదని తాజ్ స్వయంగా చెప్పినాడు, చెప్పియే వ్రాసినాడు. నాటక కంపెనీలు మార్పులు కోరగా ఆయన అందుకు సమ్మతింపలేదు. రంగస్థలం మీద దక్కని బ్రతుకు ఆ కథకు తెర మీద దక్కింది. 1955లో అంజలీదేవి తెలుగు అనార్కలి అయినది. 1960లో ‘మొఘల్-ఎ-ఆజం’ వచ్చింది. ఇది మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు నాకన్న బాగా తెలిసిన విషయం కావున ఇంతటితో వదలుతున్నాను.

ఇక మన ఇంటి మాట. పన్నెండవ శతాబ్ది చివరి భాగాన గురజాల నలగామరాజుదై, మాచర్ల మలిదేవాదులదై, పలనాడు రెండు ముక్కలైన వృత్తాంతం ఈ నేల మీద పుట్టినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. బ్రహ్మనాయుడు కట్టించినాడని చెప్పే చెన్నకేశవుని గుడి మన ఊరి నడుమనే ఉన్నది. కోడిపందెంలో ఓడిన మాచర్లవారు ఏడేండ్లు దేశం విడిచిరి. గడువు తీరిన పిదప రాయబారిగా వచ్చిన అలరాజు చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలియైనాడు. పిదప కారెంపూడి రణరంగం, బాలచంద్రుని మరణం, వీరులందరి పతనం. ఈ కథను తరతరాలు మోసినవారు వీరవిద్యావంతులు. శ్రీనాథునిదని ప్రసిద్ధి చెందిన ద్విపదను 1911లో అచ్చు వేయించినది గుత్తికొండకు చెందిన అక్కిరాజు ఉమాకాంతంగారు. అలిశెట్టి గాలెయ్య పాడిన కథను అమెరికా పండితుడు జీన్ రోఘైర్ ఆంగ్లంలోకి మార్చగా 1982లో గ్రంథమై వెలువడింది. కార్తిక అమావాస్య నుండి కారెంపూడిలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు దినాలు వీరుల తిరునాళ్ళు నేటికీ జరుగుతున్నవి. ఊరూరి నుండి వీరుల ఆయుధాలు అక్కడికి వస్తవి. హిమేజిలో బావి ఒక్కటే మిగిలింది; మనకు పాట, పాడేవారు, యుద్ధభూమి, ఆయుధాలు అన్నీ మిగిలినవి.

ఇంత సంపద నుండి కొత్త నాటకం రావలెనని గుర్తించినవారు ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు. ‘మాలపల్లి’ కర్తగా ఆయనను లోకమెరుగును. ఆయన 1926 నాటి నాటకం పేరు ‘నాయకురాలు’. ఆ పేరునే పాఠకులు ఒక్క నిమిషం గమనింప ప్రార్థన. పలనాటి కథకు బ్రహ్మనాయుని పేరు పెట్టవచ్చును, బాలచంద్రుని పేరు పెట్టవచ్చును. ఆయన తలుపు మీద వ్రాసినది ప్రతిపక్షపు మంత్రిణి బిరుదం. నాగమ్మ జిట్టగామాలపాడు ఆడపడుచనీ, చిన్ననాటనే భర్తను పోగొట్టుకొన్నదనీ జనశ్రుతి. గుంటూరులో వితంతు వివాహాలకు నడుము కట్టి మాటలు పడినవారు, స్త్రీవిద్య కొరకు శారదా నికేతనాన్ని స్థాపించినవారు, ఒక వితంతువు రాజ్యాన్ని నడిపిన కథను చేపట్టినప్పుడు ఆ ఎన్నిక యాదృచ్ఛికమని నేను నమ్మజాలను.

పలనాడుతో ఆయనకు మరొక ముడి ఉన్నది. 1921లో ఇక్కడి రైతులు అడవిలో పశువులను మేపుకొన్నందుకు పుల్లరి కట్టుమని సర్కారువారు వేధించుచుండగా, విచారణకై వచ్చి, జామీను ఇవ్వ నిరాకరించి చెరసాలకు పోయిన నాయకులలో ఆయన ఒకరు. ఆ పోరాటంలోనే 1922లో మించాలపాడు వద్ద కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు నేలకొరిగినాడు. ‘మాలపల్లి’ రూపు కట్టినది ఆ చెరలోనే. ఎడ్లబండ్ల బాటల మీద ఈ ఊళ్ళను తిరిగిన మనిషి, ఇక్కడి మనుషుల పంతమెంతటిదో, అది ఎవరికి ఎట్లు ఉపయోగపడునో, కండ్లార చూచిన మనిషి ‘నాయకురాలు’ వ్రాసినాడు.

మరి ఆ నాటకం ఏమైంది? తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాల వలె అది ఊరూరా మారుమోగలేదు. ఉన్నవవారికి సదంజి వంటి నటుడు దొరకలేదు. పందిట్లో రాగం తీసేవారికి పౌరాణిక పద్యం కావలె. మంత్రిణి మనసులోని రాజకీయం ఎవరికి కావలె? పిదప సినిమా వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మంగారు మొదలుపెట్టగా, ఆయన మరణానంతరం ఎల్.వి.ప్రసాద్ పూర్తి చేసిన 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబ నాగమ్మ అయినది. 1966లో మరల తీసినప్పుడు భానుమతి నాగమ్మ అయినది. ఇద్దరూ అసాధారణ నటీమణులు. వారు తెర మీదికి రాగానే మిగిలినవారు వెలవెలబోయినారని చూచినవారు చెప్పగా విన్నాను. ఐనను కథ ఎత్తుగడ మాత్రం కుట్రలు పన్నే మంత్రిణి, ధర్మమూర్తియైన నాయుడు అన్న పాత త్రోవనే నడిచింది. బావిలోని దయ్యం బావిలోనే ఉన్నది.

ఒకికు పళ్ళెం ఎందుకు పగులగొట్టినదని కిడో అడిగినట్లు, నాగమ్మ కోడిని ఎందుకు బరిలోకి దింపినదని మనము అడుగవలెను. కుటిలురాలు కాబట్టి అనుట సమాధానం కాదు. అది అడుగుట మానుకొనుటకు ఒక సాకు. రాజ్యం చీలినది. చీలిన రాజ్యంలో సగం ఆదాయానికి, సగం సైన్యానికి ఆమె మంత్రిణి. కత్తి పట్టక రాజ్యాన్ని మరల ఒకటి చేయుటకు పందెం కన్న చౌకైన ఉపాయం ఆమెకు కనబడలేదేమో! ఎదుట నిలిచినవాడు సామాన్యుడు కాడు. కులభేదం లేక అందరినీ ఒకే చాప మీద కూర్చుండబెట్టి చాపకూడు తినిపించినవాడు. మాలకులంలో పుట్టిన కన్నమదాసును పెద్దకొడుకుగా స్వీకరించినవాడు. అంత పెద్ద మనసు గలవాడు ఒక పక్షి కాలి కత్తి మీద రాజ్యాన్ని ఎందుకు ఒడ్డినాడు? ఈ ప్రశ్న నాగమ్మకు వేసిన ప్రశ్న కంటె కష్టమైనది. హరిమా వలె ఆయనా తన గౌరవాన్ని తూకంలో పెట్టినాడా?

ఇట్టి ప్రశ్నలు వేయుట వీరులకు అపచారమని కొందరు పెద్దలు భావింతురు. వారి భావాన్ని తేలికగా చూడరాదు. కారెంపూడిలో బ్రహ్మనాయుడు పూజలందుకొనే దైవం. విద్యావంతుని పాట వినోదం కాదు, మ్రొక్కుబడి. అందుకే బావి కథ ప్రక్కన బావి కథ నడుస్తున్నదని ముందే చెప్పినాను. నాటకం తిరునాళ్ళ చోటు ఆక్రమింప పని లేదు. కాని ‘పల్నాటి పౌరుషం’ అను మాటను మనమెట్లు వాడుతున్నామో ఆలోచింపుడు. ఊరిలో రెండు వర్గాలు కత్తులు దూసినప్పుడల్లా ఆ మాట వినబడుతుంది. 2022లో పల్నాడు పేరిట జిల్లా ఏర్పడినప్పుడు సంబరపడని వారు లేరు. ఆ పేరుకు పత్రికలలో తరచు తగిలించే విశేషణాలు చదివినప్పుడు తలవంచుకొనని వారూ లేరు. యుద్ధానంతరం బ్రహ్మనాయుడు ఆయుధం వదలి గుత్తికొండ బిలానికి వెళ్ళిపోయినాడని అదే కథ చెబుతున్నది. ఆ ఘట్టం దగ్గర ఈలలు వేసిన ప్రేక్షకుణ్ణి నేను చూడలేదు.

కాబట్టి ఈ కళాశాల విద్యార్థులు వచ్చే వార్షికోత్సవానికి నాగమ్మ నాటకం ఆడవలెనని నా కోరిక. ఉర్దూ మాట్లాడే విద్యార్థులు ఇది మా కథ కాదని వెనుకకు తగ్గరాదు. వినుకొండ తెలుగు బిడ్డ జాషువ, పారశీక కవి ఫిరదౌసి దుఃఖాన్ని తన దుఃఖంగా చేసికొని కావ్యం వ్రాసినాడు. అప్పు తీర్చుటకు ఇది మంచి సమయం. ఒకటి రెండు సూచనలు మాత్రం చేస్తాను. యుద్ధాన్ని రంగస్థలం మీద చూపవద్దు. తాటాకు కత్తులతో పాతికమంది అరిస్తే సభ నవ్వుతుంది. మూడు గదులు చాలును: పందెపు ముందటి రాత్రి నాగమ్మ గది, చర్లగుడిపాడు విడిది, అలరాజు భార్యయు, నలగాముని కూతురును అయిన పేరిందేవి గది. తండ్రి పక్షానికి, భర్త మరణానికి నడుమ నిలిచిన ఆ ఇల్లాలిని గూర్చి ఇంతవరకు మన నాటకకర్తలు వ్రాసినది చాలదు. అలరాజుకు విషమెవరు పెట్టించినారన్న తీర్పు కూడ నాటకం ఇవ్వనక్కరలేదు. ఆ వార్త గురజాలకు చేరినప్పుడు నాగమ్మ ఒక్కతెయే ఉండి ఏమనుకొన్నదో చూపిన చాలును.

వ్రాతకు కూర్చొనే ముందు ఒక విద్యావంతుని పిలిచి ఒక పూట పాడించుకొని వినవలెను. పిలిచినప్పుడు దారి ఖర్చులు, తగిన పారితోషికం ఇచ్చి, వేదిక మీద కుర్చీ వేయవలెను. క్రింద చాప వేసి, కథ తీసికొని పంపివేయుట ఈ నేలలో, చాపకూడు పుట్టిన ఈ నేలలో, తగదు.

నాగమ్మ వేషం విద్యార్థినియే వేయవలెను. 1629 నాటి శాసనం మాచర్లలో చెల్లదు. ఇక కోడిపందెం ఎట్లు చూపుట అని నాటక సంఘ కార్యదర్శి తప్పక అడుగును. కోళ్ళను తేవద్దు, పోలీసువారు కూడ వస్తారు. కిడో నాటకంలో పళ్ళెములు ఒక్కొక్కటిగా పగులుతున్నప్పుడు సభ ఊపిరి బిగబట్టి వినును. అట్లే పందెం తెర వెనుక జరుగవలెను. తెర ముందు నాగమ్మ ఒక ప్రక్క, నాయుడు ఒక ప్రక్క మాటలేక నిలిచి ఉండవలెను. లోపలి నుండి రెక్కల చప్పుడు, జనం కేకలు వినబడవలెను. ఆ చప్పుడు ఆగిన తరువాత ఎవరు ముందు తల త్రిప్పి చూచుదురో, అది మాత్రం పాత్రధారులకే వదలుతున్నాను.